మంగళవారం దరువు

క్రాస్‌మాస్, లాంకషైర్
సెప్టెంబర్ 5, బుధవారం

నెల్లీకి,

అత్త రాస్తున్నది. ఫోన్లో మాట్లాడుకుంటే మూడో మాటకే ఇద్దరం ఒంటికాలి మీద లేస్తున్నామని మీ నాన్న పెట్టిన షరతు ప్రకారం ఇక నుంచి ఉత్తరాలే. ఒకందుకు బాగానే ఉంది. ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

ముందు కబుర్లు. చిక్కుళ్లు విరగకాశాయి. మా నాట్యానికి వాయించే స్టాన్లీ తన అకార్డియన్‌కి కొత్త తోలు పట్టీ వేయించుకుని, అది అందరికీ కనిపించేలా పక్కకి తిరిగి వాయిస్తున్నాడు. పోయిన శనివారం సంతలో మా ఆడవాళ్ల చెక్కచెప్పుల నాట్యం చూసి ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లమ్మ నూలు మిల్లులో పనిచేసేదట. పొద్దున్నే రాళ్ల వీధిలో ఆ చప్పుడు వింటూ నిద్ర లేచేవాడినన్నాడు. మేం ఇంకా బాగా దంచాం.

ఇప్పుడు అసలు సంగతి. కార్డ్‌వెల్ వాళ్ల పచ్చిక పొలంలో మీ కంపెనీ వాళ్ల గ్యాస్ బోరు ఇనుప టవరు ఇంకా అలాగే నిలబడి ఉంది. మేమూ గేటు దగ్గర అలాగే కూర్చుని ఉన్నాం. నేను రోజూ పిండిలో మాంసం కూరి కాల్చిన పైలు చేసి పట్టుకెళ్తాను. కాపలాకొచ్చిన పోలీసు కుర్రాడు రెండు తిని, మూతి తుడుచుకుని, "కాస్త పక్కకి జరిగి అరవండి పెద్దమ్మగారూ, లారీ పోవాలి" అంటాడు. జరుగుతాం. మర్యాద మర్యాదే.

కానీ నోరా గోర్నల్ చెప్పింది విన్నాక నాకు నిద్ర పట్టడం లేదు. నోరా ఇల్లు మేం సాధన చేసే ఊరి హాలు గోడకి ఆనుకునే ఉంటుంది కదా. తుంటి బాగోక ఆవిడ నాట్యానికి రాదు. ప్రతి మంగళవారం సాయంత్రం వాళ్ల అలమరలో టీ కప్పులు గలగలమంటున్నాయట! వేరే రోజుల్లో కాదు, ఒక్క మంగళవారమే. ఎందుకో తెలుసా? ఆ సాయంత్రం ఊళ్లో నోరున్న ఆడవాళ్లందరం హాల్లో నాట్యం సాధన చేస్తూ ఉంటాం. గేటు దగ్గర ఎవరూ ఉండరు. ఆ సమయం చూసి మీవాళ్లు దొంగచాటుగా భూమిని పగలగొడుతున్నారు.

నువ్వడిగావని, మీ నాన్న మొహం చూసి, హాలు వెనక గోతిలో నీ డబ్బాని పాతనిచ్చాం. నేల నాడి చూసే యంత్రమన్నావు. మరి నాడి ఏమంటోంది? ఆబర్డీన్‌లో కూర్చుని జీతం తీసుకుంటున్నావు కదా, నిజం చెప్పు.

నీ మీద కోపంతో కాదు, నీ కంపెనీ మీద కోపంతో,
మేవిస్ అత్త

తాజా కలం: సన్నబడ్డావని మీ నాన్న చెప్పాడు. పైలు పోస్టులో పంపితే పాడవుతాయా?

*

ఆబర్డీన్
సెప్టెంబర్ 12

అత్తకి,

పైలు పంపకు. పోయినసారి పంపిన కేకుని పోస్టాఫీసు వాళ్లు అనుమానాస్పద వస్తువని పక్కన పెట్టారు.

దొంగచాటుగా ఎవరూ ఏమీ పగలగొట్టడం లేదు. ఇంతవరకూ అక్కడ జరిగింది బోరు వెయ్యడమే. రెండు కిలోమీటర్ల లోతున పొరలు పొరలుగా రాయి ఉంది, దాని పొరల మధ్య గ్యాస్ ఇరుక్కుని ఉంది. నీళ్లూ ఇసకా కొంచెం రసాయనాలూ కలిపి పెద్ద ఒత్తిడితో లోపలికి కొడితే ఆ రాయి సన్నగా చీలుతుంది, గ్యాస్ పైకొస్తుంది. ఆ కొట్టడం అక్టోబర్‌లోగానీ మొదలవ్వదు. పంపులు ఇంకా ఊళ్లోకే రాలేదు. గేటు దగ్గర కూర్చున్నది నువ్వే కదా, పంపుల లారీలు నీ కంట పడకుండా పోతాయా?

నా ఉద్యోగం ఏమిటో మళ్లీ చెప్తాను, ఈసారి నువ్వు అడ్డం రాలేవు కాబట్టి. నీళ్లు కొట్టినప్పుడు అడుగున నిద్రపోతున్న పాత పగులు ఏదైనా ఉంటే అది జారొచ్చు. జారితే నేల కదులుతుంది. భూకంపాల కొలతలో అది అర పాయింటు దాటిందో, పంపులు ఆపి తీరాలి. అది చట్టం. అర పాయింటంటే మనిషికి తెలియను కూడా తెలియదు, పక్కింటివాళ్లు తలుపు వేసినంత. అయినా ఆపాలి. చిన్నది పట్టుకుంటేనే పెద్దది రాకుండా చూడగలం. ఆ చిన్నదాన్ని పట్టుకునేది నేను.

అయితే నీ ఉత్తరం చదివి పాత గీతలన్నీ తీసి చూశాను. నోరా చెప్పింది నిజమే. హాలు వెనక యంత్రంలో ప్రతి మంగళవారం సాయంత్రం ఏదో పడుతోంది. మిగతా వాటిలో లేదు, దాన్లోనే. డంకన్‌కి చూపించాను. అతనూ తల గోక్కున్నాడు. వారం రోజులుగా సాయంత్రాలు ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఆ గీతలే చూస్తున్నాం. తేలగానే రాస్తాను. అంతవరకూ ఎవరితోనూ అనకు.

మోకాలు ఎలా ఉంది? నిజం చెప్పమన్నావుగా, నువ్వూ చెప్పు.

నెల్

*

క్రాస్‌మాస్
సెప్టెంబర్ 17

నా బంగారు మేనకోడలికి,

డంకన్ ఎవరు?

రెండు పేజీల ఉత్తరంలో రాళ్ల గురించి అంత రాసి, అసలు మనిషి గురించి ఒక్క ముక్క! సాయంత్రాలు, పక్కపక్కనే, వారం రోజులుగా. నేను నిన్న పుట్టలేదు. మీ నాన్నకి చెప్పాను. ఆయన వెంటనే వెళ్లి గడ్డం గీసుకున్నాడు. ఆదివారం కాకపోయినా. స్కాట్లండ్ వాళ్లు మనుషులు మంచివాళ్లే, టీ పల్చగా తాగుతారు, అంతే. అతని పాదం సైజు ఎంతో రాయి. ఎందుకని అడక్కు.

ఇక ఆ రెండో సంగతి. ఎవరితోనూ అనొద్దన్నావు. అనలేదు. ఊరి సభలో మాత్రం చెప్పాను. "కంపెనీ వాళ్ల యంత్రమే ఒప్పుకుంది! మంగళవారం మంగళవారం నేల కదులుతోంది!" అని లేచి నిలబడి చెప్పాను. చప్పట్లు ఆగలేదు. వెనక వరసలో ప్రెస్టన్ పేపరు అబ్బాయి కూర్చున్నాడని నాకేం తెలుసు? నా ఫొటో వేశాడు. గడ్డం కింద కొవ్వు కనిపించేలా కింది నుంచి తీశాడు, దరిద్రుడు. పేరు మాత్రం సరిగ్గా వేశాడు.

నీ పేరు నేను చెప్పలేదు. "మా ఇంటి మనిషి ఒకరు అక్కడ ఉన్నారు" అన్నానంతే.

మోకాలికేం? గుర్రంలా ఉంది.

అతని తల్లిదండ్రులు ఉన్నారా?

ప్రేమతో,
అత్త

*

ఆబర్డీన్
సెప్టెంబర్ 24

అత్తా,

సభలో చెప్పడాన్ని "అనలేదు" అనరు! ఆ పేపరు ఇక్కడికీ వచ్చింది. మా ఆఫీసు గోడకి అంటించారు. "మా ఇంటి మనిషి" ఎవరో కనుక్కోవడానికి పెద్ద బుర్రలేం అక్కర్లేదు. ఇక్కడ క్రాస్‌మాస్ వాళ్లు ఎంతమందిమని? పైవాళ్లు నన్ను పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మాట్లాడారు. టీ కాకుండా మంచినీళ్లిచ్చారంటేనే ఎంత కోపమో అర్థం చేసుకో.

సరే, ఆ మంగళవారం కదలిక సంగతి తేలిపోయింది. కూర్చుని చదువు. నుంచుని చదవకు.

మంగళవారం గీతల్ని నేను పెద్దవి చేసి చూశాను. సరిగ్గా ఏడున్నరకి మొదలవుతున్నాయి. ఏ భూకంపం కూడా గడియారం చూసుకుని రాదు. కాసేపు అయ్యాక ఆగిపోతున్నాయి, టీ తాగినంతసేపు. మళ్లీ మొదలు. వాటిలో ఒక వరస ఉంది. మడమ, వేలు, మడమ, వేలు, ఆపైన అందరూ కలిసి ఒక్కసారి దభీమని. బల్ల మీద వేళ్లతో కొట్టి చూశాను. అత్తా, చిన్నప్పుడు వంటింటి రాతి గచ్చు మీద నా చేతులు పట్టుకుని నువ్వు నేర్పిన దరువు అది.

నేల నాడి పట్టుకోమని నన్ను కంపెనీ పెట్టుకుంటే, నెల రోజులుగా నేను నీ కాళ్ల నాడి పట్టుకుంటున్నాను. మన ఊరి నేలంతా పాత బురద, జున్నులా ఊగుతుంది. దాని మీద చెక్క గచ్చు, ఆ గచ్చు మీద ఇనప పట్టీలు కొట్టిన చెప్పులతో ఎనిమిదిమంది. నోరా కప్పులు గలగలమనక ఏంచేస్తాయి?

నవ్వీ నవ్వీ కళ్లమ్మట నీళ్లొచ్చాయి. కానీ ఇందులో నవ్వలేని ముక్క ఒకటుంది. అక్టోబర్ 15న పంపులు మొదలవుతాయి. ఊరికి దగ్గరగా ఉన్న యంత్రం అదొక్కటే. మంగళవారం సాయంత్రం నిజంగా ఏదైనా జరిగితే అది మీ దరువులో కలిసిపోతుంది, నాకు తెలియదు. అందుకని ఒక్క సాయం చెయ్యి. పంపులు నడిచినన్నాళ్లూ మంగళవారాలు మెత్తటి చెప్పులతో ఆడండి. అంతే.

డంకన్ విషయం నువ్వనుకున్నది కాదు. అతని పాదం సైజు నాకెలా తెలుస్తుంది? చూడ్డానికి పడవల్లా ఉంటాయి.

నెల్

*

క్రాస్‌మాస్
సెప్టెంబర్ 28

నెల్‌కి,

ఉత్తరం అందింది.

నుంచునే చదివాను. స్టాన్లీ ఎదురుగా ఉన్నాడని పైకి చదవడం నాది బుద్ధి తక్కువ. పొద్దుపోయేలోగా ఊరంతా తెలిసింది. గేటు దగ్గర ఆ పోలీసు కుర్రాడు నన్ను చూసి, "మెల్లిగా నడవండి పెద్దమ్మగారూ, భూకంపం వస్తుంది" అన్నాడు. అతనికి ఇక మాంసం పై పెట్టేది లేదు. పేపరు అబ్బాయి పొద్దస్తమానం ఫోన్ చేస్తున్నాడు. తీగ గోడ నుంచి ఊడపీకి పడేశాను.

తల కొట్టేసినట్టయింది. పోనీలే, నాలాంటి దానికి అప్పుడప్పుడూ అది మంచిదే. కానీ మెత్తటి చెప్పులా? మా అమ్మ ఆ చెప్పులతో మిల్లుకెళ్లింది. మగ్గాల రొదలో మాట వినపడక, కాలితో గచ్చు మీద కొట్టి పక్కనున్న వాళ్లని పిలిచేది. ఆ చప్పుడే మా నాట్యం. చప్పుడు చెయ్యొద్దంటే అది నాట్యమూ కాదు, నేను మేవిస్‌నీ కాదు. ముందు గ్యాస్ కోసం మా ఊరి పొలం తీసుకున్నారు, ఇప్పుడు మా కాళ్లు కూడా కట్టెయ్యాలా? చప్పుడు ఆపాల్సింది మీ పంపులు.

నీ కంపెనీ వాళ్లకి చెప్పు, మేం మంగళవారం ఆడతాం. ఇంకా గట్టిగా ఆడతాం.

మిసెస్ మేవిస్ థ్రెల్‌ఫాల్

*

ఆబర్డీన్
అక్టోబర్ 8

మిసెస్ థ్రెల్‌ఫాల్ గారికి, అంటే మా అత్తకి,

పది రోజులు చూశాను, నీ నుంచి ఇంకో ఉత్తరం లేదు. నాన్నని అడిగితే "అల్లుతోంది, మాట్లాడటం లేదు" అన్నాడు. నువ్వు మాట్లాడకుండా ఏదైనా అల్లుతున్నావంటే నాకు భయం.

నవ్వడం తప్పే. నీ చప్పుడు చూసి నవ్వలేదు, నిజంగా. వంద మైళ్ల అవతల గదిలో కూర్చుని గీతల్లో నీ అడుగు గుర్తుపట్టాను, ఆ సంతోషానికి నవ్వాను. అది సరిగ్గా రాయలేకపోయాను.

పోయిన మంగళవారం గీతలు చాలా పెద్దగా ఉన్నాయి. అన్న మాట నిలబెట్టుకున్నావు.

వచ్చే సోమవారం పంపులు మొదలు. నువ్వు ఎలా ఆడినా సరే, జాగ్రత్త.

నెల్

*

ఆబర్డీన్
అక్టోబర్ 17, బుధవారం

అత్తా,

దీన్ని ఫస్ట్ క్లాస్ స్టాంపుతో పంపుతున్నాను. చదవగానే జవాబు రాయి, వెంటనే పోస్ట్ చెయ్యి. నీ ఫోన్ తీగ ఇంకా గోడకి ఎక్కలేదు. ఊళ్లో ఇంకెవరికైనా ఫోన్ చేసి అడగొచ్చు, కానీ కంపెనీ మనిషి వాకబు చేసిందంటే సాయంత్రానికి మళ్లీ పేపరువాడు దిగుతాడు. నాన్న చేత అడిగించొచ్చుగానీ, నోటిమాట ఇక్కడ చెల్లదు, నీ చేతిరాత కావాలి.

ముందు నీ పార్సిల్ గురించి. సోమవారం అందింది, సంతోషం. లోపల ఉత్తరం ముక్క లేదు, ఒక జత ఉన్ని చెప్పులు, "డంకన్‌కి" అని చీటీ. ఆ నీలం రంగేమిటి, ఆ పడవ సైజేమిటి! ఇవ్వకపోతే నువ్వు ఊరుకోవని ఇచ్చాను. ఇక్కడ గచ్చు మంచుగడ్డ. పాపం అప్పటికప్పుడే బూట్లు విప్పి తొడుక్కున్నాడు. అప్పటి నుంచి ఆఫీసులో అవే. డంకన్ మా మేనేజరు అత్తా. యాభై ఆరేళ్లు, ఇద్దరు మనవలు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న సాయంత్రం ఏడూ నలభైకి హాలు వెనక యంత్రంలో ఒక కదలిక పడింది. అర పాయింటు దాటి. ఒక్కటే, దభీమని. నా కళ్లకి అది అడుగు నుంచి వచ్చినట్టే ఉంది. కానీ నిన్న మీ దగ్గర గాలివాన కదా, మిగతా యంత్రాలన్నీ గాలి రొదలో మునిగిపోయాయి. వాటిలో ఉందంటే ఉంది, లేదంటే లేదు. గట్టి సాక్ష్యం ఆ ఒక్క యంత్రమే.

డంకన్ అడ్డగోలు మనిషి కాదు. కానీ పైనుంచి అతని పీకల మీద కూర్చున్నవాళ్లున్నారు. "ఏ రోజు? మంగళవారం. ఏ సమయం? ఏడున్నర దాటాక. నెల్, అది చెక్కచెప్పులని కనిపెట్టింది నువ్వే కదమ్మా! మీ అత్త పోయినసారి ఇంకా గట్టిగా తొక్కిందని కూడా నువ్వే చెప్పావు. రాసెయ్, నాట్యం అని. సోమవారం రెండో విడత కొడదాం" అన్నాడు.

కారణం రాసి సంతకం పెట్టాల్సింది నేను. శనివారంలోగా. నాట్యమని రాస్తే సోమవారం ఇంకా ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొడతారు. అక్కడ నిజంగా పగులు ఉంటే, అది నీ ఇంటి కిందే జారుతుంది. నేల కదలికే అని రాస్తే పంపులన్నీ ఆగుతాయి, రోజుకి లక్షల పౌండ్ల నష్టం. ఆ తర్వాత అది నిజంగా మీ చెప్పులేనని తేలితే, నన్ను ఇంకెవరూ నమ్మరు. ఇక్కడే కాదు, ఎక్కడా.

నువ్వు మాట మీద నిలబడే మనిషివి. గట్టిగా ఆడతానన్నావు. అందుకే అడగడానికి భయంగా ఉంది. నిన్న ఏడూ నలభైకి మీరు ఆడుతున్నారా?

నీ నెల్

*

క్రాస్‌మాస్
అక్టోబర్ 18, పోస్టు బండి వచ్చేలోగా

నెల్లీ,

ఆడుతున్నాం.

కంగారుపడకు, ముందుకి చదువు.

నీ 'వంద మైళ్ల అవతల' ఉత్తరం వచ్చిన రోజు నేను ఏడ్చాను. (వంద కాదు, మూడొందలు దాటతాయి, లెక్కల్లో నువ్వు మీ నాన్న పోలిక.) దానికి ముందే అల్లడం మొదలుపెట్టాను అనుకో. కోపం వస్తే చేతులు ఊరుకోవు. మొదట ఏం అల్లుతున్నానో నాకే తెలీదు. మడమ తిప్పేసరికి చెప్పు అయింది. సరే, ఒకటి అయ్యాక జత చెయ్యాలి. జత అయ్యాక స్టాన్లీ చూసి, "మిగతా ఏడుగురూ ఉత్త కాళ్లతో ఆడతారా?" అన్నాడు. అంతే. ఎనిమిది జతలు. నీలం ఉన్ని మిగిలితే తొమ్మిదోది నీ డంకన్‌కి. మేనేజరని ముందే చెప్పొద్దూ! నేను వాళ్లమ్మకి శాలువా కూడా మొదలుపెట్టాను.

నీకు చెప్పలేదు. చెప్తే ఓడిపోయినట్టు ఉంటుందని. నీ యంత్రంలో గీత రాకపోతే నీకే తెలుస్తుంది, అప్పుడు నవ్వుకుంటావులే అనుకున్నాను.

కాబట్టి మంగళవారం ఎనిమిదిమందిమీ ఉన్ని చెప్పులతో ఆడాం. ఆడినట్టు కాదు, పిల్లులు వంటింట్లో దూరినట్టుంది. స్టాన్లీ వాయించలేక నవ్వుతున్నాడు. "దరువు ఏదమ్మా, నేను ఎవర్ని పట్టుకుని వాయించాలి?" అంటున్నాడు. బయట గాలి ఈల వేస్తోంది, లోపల మా చప్పుడు ఏమీ లేదు. అప్పుడు వచ్చింది. కింద నుంచి ఎవరో గచ్చుని ఒక్కసారి మోకాలితో పొడిచినట్టు. బల్ల మీద కప్పులు ఒక్క గంతేశాయి.

స్టాన్లీ అకార్డియన్ ఆపేసి, "ఎవర్రా అది, చెక్కచెప్పులు వేసుకొచ్చింది?" అని గద్దించాడు. మేం ఎనిమిదిమందిమీ ఒకరి కాళ్లు ఒకరం చూసుకున్నాం. అన్నీ నీలమే.

నెల్లీ, ఎన్నేళ్లుగానో ఆ గచ్చు మీద నేనే తొక్కుతున్నాను. మంగళవారం మొదటిసారి గచ్చు నన్ను తొక్కింది. నేను గేటు దగ్గర ఎన్ని కేకలు వేసినా, లోపల ఎక్కడో, నీ కంపెనీ వాళ్లు చదువుకున్నవాళ్లే కదా, చూసుకుంటార్లే అనుకునేదాన్ని. ఇప్పుడు భయం వేసింది. నీకు చెప్తున్నాను, గేటు దగ్గర చెప్పను.

నా మాట నమ్మరు, నాకు తెలుసు. నేను వాళ్ల గేటుకి అడ్డం కూర్చునే ముసలిదాన్ని. పేపర్లో అబద్ధం చెప్పినదాన్ని కూడా. స్టాన్లీ మాట అంతకంటే నమ్మరు. అందుకని ఒక పని చెయ్యి. ఆ డంకన్ "చెక్కచెప్పులు" అన్నప్పుడు, కాస్త కిందికి చూసుకోమను. ఆయన కాళ్లకి ఉన్నవి మంగళవారం కంటే ముందు పోస్టులో వచ్చాయి. అదే ఉన్ని, అదే మడమ. మేం చప్పుడు చెయ్యడం మానేశామనడానికి రుజువుని ఆయన సోమవారం నుంచీ తొడుక్కునే తిరుగుతున్నాడు.

సంతకం సరిగ్గా పెట్టు. ఉద్యోగం పోతే ఇక్కడ చిక్కుళ్లున్నాయి.

అత్త

*

ఆబర్డీన్
అక్టోబర్ 22

అత్తా,

శుక్రవారం ఉదయం నీ ఉత్తరం వచ్చింది. డంకన్ గదిలోకెళ్లి నుంచుని మొత్తం పైకి చదివాను, శాలువాతో సహా. "ఆయన కాళ్లకి ఉన్నవి" దాకా వచ్చేసరికి గదిలో ఉన్న నలుగురమూ బల్ల కిందికి వంగి చూశాం. డంకన్ కూడా వంగాడు. బొటనవేళ్లు కదిపి చూసుకున్నాడు.

తర్వాత, "మీ అత్త నన్ను నా చెప్పుల్లోనే పట్టేసింది కదమ్మా" అని, ఫోన్ తీసి తనే పైవాళ్లతో మాట్లాడాడు. "నాట్యం కాదు. రుజువు ఉంది. ఏ రుజువంటే... వచ్చి చూడండి, తొడుక్కుని ఉన్నాను" అన్నాడు. అటువైపు ఏమన్నారోగానీ, ఈయన మాత్రం చెవి దగ్గర నుంచి ఫోన్ దూరంగా పట్టుకున్నాడు. అయినా వెనక్కి తగ్గలేదు.

నేల కదలికే అని రాసి సంతకం పెట్టాను. పంపులు ఆగాయి. శనివారం గాలి రొద వడగట్టి మిగతా యంత్రాల గీతలు మళ్లీ జల్లెడ పట్టాం. ఎక్కడ వెతకాలో ఇప్పుడు తెలుసు కదా, సన్నగా అన్నిటిలోనూ దొరికింది. పగులు ఉంది. మ్యాపులో లేనిది, ఊరి వైపు సాగుతూ. ఆ వైపు ఇక నీళ్లు కొట్టరు. మిగతా వైపు ఏం చెయ్యాలో ప్రభుత్వం వాళ్లు వచ్చి చూసి చెప్తారు, నెలలు పడుతుంది.

నువ్వు అడక్కముందే చెప్తున్నాను, నేను మారలేదు. జాగ్రత్తగా చేస్తే ఇది చెయ్యగలిగిన పనేననే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ జాగ్రత్త అనే మాట నేను ఇన్నాళ్లూ యంత్రాల గురించి మాత్రమే వాడాను.

ఓడిపోయినట్టు ఉంటుందని చెప్పలేదన్నావు. అత్తా, నువ్వు ఆ చెప్పులు వేసుకోకపోయి ఉంటే నేను నాట్యమని రాసి ఉండేదాన్ని.

నెల్

*

క్రాస్‌మాస్
నవంబర్ 7

కోడలికి,

నేనూ మారలేదు. గేటు దగ్గర ఇంకా కూర్చుంటున్నాను. లారీలు రావు కాబట్టి తీరిగ్గా కూర్చుంటున్నాం. పోలీసు కుర్రాడికి మళ్లీ మాంసం పై పెట్టాను. అతనొచ్చి, "పెద్దమ్మగారూ, భూకంపాన్ని పట్టించింది మీరేనటగా" అన్నాడు. అప్పుడు రెండోది కూడా పెట్టాను.

సోమవారం రాత్రి ఊరంతా పెద్ద మంట వేసుకున్నాం, మంటల పండగ బాగా జరిగింది. అల్లం కేకు ఆర్డరిచ్చిన వాళ్లందరికీ చేసి పెట్టేసరికి నాకు ముక్క మిగల్లేదు. డంకన్ ఉత్తరం రాశాడు తెలుసా? ఎడం చెప్పు మడమ దగ్గర చిరిగిందట, బాగుచేస్తారా అని. అంత భయపడుతూ మర్యాదగా రాసిన మగవాణ్ణి ఈ మధ్య చూడలేదు. వాళ్లమ్మకి శాలువా అయిపోవచ్చింది, పంపేస్తాను. ఆవిడకి తొంభై అట, చలి ఉంటుంది.

ఇప్పుడు పంపులు లేవు కాబట్టి మా చెక్కచెప్పులు పైకి తీశాం. వచ్చే మంగళవారం, పదమూడో తారీకున, ఏడున్నరకి నీ యంత్రం ముందు కూర్చో. ఎప్పటి దరువే. కానీ అందరూ ఆపేశాక, నేనొక్కదాన్నే రెండు అడుగులు వేస్తాను. మా అమ్మ మిల్లులో పక్క మగ్గం దాన్ని పిలవడానికి వేసినట్టు. నీ గీతలో కనిపిస్తే అది నేనేనని తెలుసుకో. నీకు ఎంతో ముద్దుగా ఉంటుందని కాదు, నీ డబ్బా పనిచేస్తోందో లేదో చూద్దామని.

మోకాలు అడుగుతావు. బాగుంది.

అత్త

*

ఆబర్డీన్
నవంబర్ 14

అత్తా,

చూశాను. ఏడున్నర నుంచీ కళ్లు తిప్పలేదు. డంకన్ కూడా ఇంటికెళ్లకుండా పక్కనే కూర్చున్నాడు, బూట్లు విప్పేసి. మడమ, వేలు, మడమ, వేలు, దభీ. టీ. మళ్లీ దరువు. ఆ తర్వాత అంతా ఆగిపోయి గీత సాఫుగా అయింది. అప్పుడు వచ్చాయి, రెండు, ఒంటరిగా. నేను గచ్చు మీద కాలితో తిరిగి రెండు కొట్టాను. కింది అంతస్తువాళ్లు పైకొచ్చి ఏమైందని అడిగారు.

మొదటి అడుగు ఎంత బలంగా ఉందో! రెండోది సగం కూడా లేదు, అదీ కాస్త ఆలస్యంగా పడింది. అది ఎడం కాలు.

మోకాలు గుర్రంలా ఉందన్నావు. శుక్రవారం రాత్రి బండికి వస్తున్నాను. శనివారం పొద్దున్నే డాక్టరు దగ్గరికి. ఉత్తరంలో నా మాటకి అడ్డం రాలేవు.

నెల్